పసుపు కాగితం మీద శామీర్‌పేట చెరువు

రాత్రి పదిన్నర. మేడ్చల్‌లో మా అక్క వాళ్ళింట్లో టీవీ కట్టేసే ధైర్యం ఎవరికీ లేదు, వినే ధైర్యమూ లేదు. బావ మ్యూట్ నొక్కి బొమ్మ మాత్రం ఉంచాడు. కింద ఎర్ర పట్టీ మీద అక్షరాలు పరిగెడుతున్నాయి. ఫేక్ యూనివర్సిటీ, మిషిగన్, తెలుగు విద్యార్థులు, అరెస్టులు. పట్టీ అయిపోయి మళ్ళీ మొదలైనప్పుడల్లా అక్క మొదటి నుంచి చదువుతోంది, ఈసారి ఇంకేమైనా రాశారేమోనని. 2019 జనవరి 31, గురువారం. బయట హైవే మీద నాగ్‌పూర్ వైపు పోయే లారీల మోత. వంటింట్లో అన్నం గిన్నె మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.

"తమ్మీ, ఇంకోపారి కొట్టు."

కొట్టాను. వాట్సాప్‌లో ఒక్క టిక్కే. రెండోది పడటం లేదు. మేనల్లుడి పేరు కింద 'లాస్ట్ సీన్' నిన్నటిది.

"నిన్న పగటీలి పన్నెండింటికి ఉన్నడు గదరా ఆన్‌లైన్ల" అంది అక్క, ఆ పన్నెండింటిని ఎవరో కాదంటున్నట్టు.

మనకు మధ్యాహ్నం పన్నెండంటే అక్కడ అర్ధరాత్రి దాటింది. తెల్లారగట్ల తలుపు కొట్టారు. మిషిగన్ అంతా ధ్రువపు గాలికి గడ్డకట్టిన రోజు అది. ఈ సంగతులేవీ ఆ రాత్రి మాకు తెలియవు. మాకు తెలిసింది ఆ ఎర్ర పట్టీ, ఒక్క టిక్కు.

మీరు మేడ్చల్ ఎప్పుడైనా వచ్చారా? కొంపల్లి దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు పక్కలా చూడండి. కండ్లకోయ, మైసమ్మగూడ, ఇటు తిరిగితే ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అటు తిరిగితే ఇంకొకటి. పొద్దున ఎనిమిదింటికి పసుపుపచ్చ బస్సుల వరస. బస్టాండు చుట్టూ హోర్డింగుల మీద నల్లకోటు, నల్లటోపీ పెట్టుకుని నవ్వే పిల్లలు, వాళ్ళ వెనక ఒక అమెరికా జెండా, కింద కన్సల్టెన్సీ ఫోన్ నంబరు. మా మేనల్లుడు ఆ బస్సుల్లో ఒకదాంట్లో నాలుగేళ్ళు తిరిగాడు. ఆ నంబర్లలో ఒకదానికి ఫోన్ చేశాడు. శామీర్‌పేట వైపు, ఓఆర్ఆర్‌కి దగ్గర్లో, బావకి తాతల నాటి ఎనిమిది గుంటలుండేవి. 2016లో వీసా స్టాంపు పడ్డాక అక్క చిలుకూరు వెళ్ళి నూటెనిమిది ప్రదక్షిణలూ పూర్తి చేసింది. అప్పటికే ఆ ఎనిమిది గుంటలూ లేవు.

ఆ కేసు సంగతి తర్వాత అందరూ చదివారు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు భవనంలో ఉండేది. వెబ్‌సైటుంది, లోగో ఉంది, లాటిన్‌లో ఒక నినాదం కూడా ఉంది, జ్ఞానం, శ్రమ అని దాని అర్థం. లేనివల్లా తరగతులూ పంతుళ్ళే. 2017 నుంచి దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ రహస్య ఏజెంట్లు. ప్రభుత్వ అనుమతి ఉన్న విద్యాసంస్థల జాబితాలో దాని పేరు పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. సుమారు 600 మంది చేరారు. వలలోకి చేపల్ని తోలిన ఎనిమిది మంది దళారులూ, తెలుగు పేర్లవాళ్ళే, తర్వాత నేరం ఒప్పుకుని శిక్షలు అనుభవించారు. మొదటి విడతలో పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు, అందులోనూ ఎక్కువమంది మనవాళ్ళు. ఆ ఏడాది చివరికి లెక్క 250 దాకా చేరింది.

మా ఇంటికి కొత్తగానీ మన ఊళ్ళకి ఇది కొత్త కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు మన పిల్లల కాళ్ళకి జాడ కనిపెట్టే పరికరాలు తగిలించారు. మన పత్రికలు వాటికి 'రేడియో కాలర్లు' అని పేరు పెట్టాయి, అడవి జంతువుల మెడకి కట్టేవాటి పేరు. ఆ యూనివర్సిటీ యజమానురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు పడింది. ఫార్మింగ్టన్‌కి ఆ సమస్యే లేదు, యజమాని సర్కారే.

మావాడికి క్లాసులు లేవని తెలియదా? తెలుసు. నేనే అడిగాను తర్వాత. చదివిన కాలేజీకి గుర్తింపు పోయింది, హెచ్1బి లాటరీలో పేరు రాలేదు, అప్పు మిగిలింది. ఎక్కడో ఒకచోట పేరుండాలి. ఇంకేం చెయ్యాలి మామా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తప్పు చెయ్యలేదని నేను ఇప్పుడూ అనను. తప్పు చెయ్యడానికి దుకాణం తెరిచి, ఫీజు వసూలు చేసుకుని, ఆ తర్వాత దొంగా అని పట్టుకోవడాన్ని ఏమంటారో మాత్రం నాకు తెలుసు, ఇక్కడ రాయను.

శనివారం రాత్రి ఫోన్ వచ్చింది. నేరుగా కాదు. అక్కడి జైలు ఫోన్ నుంచి ఇండియాకి కలవదు. వర్జీనియాలో ఉన్న వాడి క్లాస్‌మేట్ ఒక ఫోన్‌లో జైలు కాల్ ఎత్తి, ఇంకో ఫోన్‌లో మమ్మల్ని వాట్సాప్‌లో పట్టుకుని, రెండు ఫోన్లూ మూతికి మూతి ఆనించి పెట్టాడు. బావిలోంచి వచ్చినట్టు వచ్చింది గొంతు.

"అమ్మా."

"బువ్వ తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"ఏం పెట్టిన్రు?"

కాసేపు ఏమీ లేదు. గరగర. "బ్రెడ్డు. ఉడకబెట్టిన బీన్సు."

"సలి పెడ్తున్నదా?"

"లోపల పెద్దగ లేదు. అమ్మా, టైమైపోతది, ఇను. డాడీకి చెప్పు, వకీలును తెలుగు సంగపోళ్ళు చూస్తున్నరు. నాకు కాయితం ఇచ్చిన్రు. పెన్సిల్ గూడ ఇచ్చిన్రు, సగం పెన్సిల్..."

తెగిపోయింది. అక్క ఫోన్‌ని చెవి దగ్గరే ఉంచుకుంది, చాలాసేపు. "సగం పెన్సిల్ ఏంది తమ్మీ?" అని అడిగింది నన్ను. పొడుగు పెన్సిలైతే ఆయుధమవుతుందని వాళ్ళ భయం అని చెప్పలేకపోయాను. పొదుపు కావచ్చులే అన్నాను.

ఆదివారం తెల్లవారుజామున బావ టీవీఎస్ బండి తీశాడు. ఎక్కడికని నేనడగలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దారిలో మంచు ఇంకా విడలేదు. కంపెనీల నైట్ షిఫ్టు బస్సులు ఎదురొస్తున్నాయి. బావ ఒక గోడ దగ్గర బండి నెమ్మది చేసి, లోపలి విల్లాల వంక తల ఊపాడు. అవే ఎనిమిది గుంటలు. ఆగలేదు.

ఆగింది నల్సార్ గేటు ముందు. 1998లో పెట్టిన న్యాయ విశ్వవిద్యాలయం, దేశమంతటి నుంచీ పిల్లలొచ్చి చదువుతారు. బావ బండి స్టాండు వేసి, చెప్పులు సర్దుకుని, సెక్యూరిటీ మనిషి దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, ఇది లా కాలేజే గదా. అమెరికా జైలు సంగతి చెప్పేటోళ్ళు ఎవలన్న ఉంటరా ఇండ్ల?" ఆ మనిషి చాలా మర్యాదగా చెప్పాడు, ఇవాళ ఆదివారం పెద్దాయనా అని. బావ తలూపి తిరిగొచ్చాడు. నాకిప్పటికీ ఆ కేసు మొత్తంలో గుర్తొచ్చే బొమ్మ అదే. అప్పటికి ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చేసింది, వాషింగ్టన్‌లో మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది. మేడ్చల్ మనిషికి దొరికింది శామీర్‌పేట గేటు.

చెరువు కట్ట మీద కూర్చున్నాం. మక్కకంకులు కాల్చేవాళ్ళు ఇంకా రాలేదు. నీళ్ళు కదలడం లేదు. "వాన్ని చిన్నప్పుడు ఈడికి తోల్కొచ్చేటోన్ని ఐతారమైతారం" అన్నాడు బావ. అంతకు మించి ఏమీ మాట్లాడలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకి మావాడు శంషాబాద్‌లో దిగాడు. చాలామందిలాగే తనంతట తానే వెళ్ళిపోతానని జడ్జి ముందు ఒప్పుకున్నాడు. మొత్తం 250 మందిలో దాదాపు 80 శాతం చేసిందదే. పోరాడినవాళ్ళు కొద్దిమంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, ఒంటి మీద మనిషి కంటే పెద్ద జాకెట్. అక్క చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పింది, సంబంధాలు చూడ్డానికి వచ్చాడని. వాడు మేడ మీది గదిలో పడుకున్నాడు. నెలరోజులు పడుకునే ఉన్నాడనుకోండి.

ఉగాదికి పది రోజుల ముందు పోస్ట్‌మ్యాన్ ఒక కవరు ఇచ్చాడు. పంపినవాడు ఇంటికొచ్చిన నెలకి వచ్చింది ఉత్తరం. కవరు మీద ఇంగ్లీషులో మా అడ్రసు, మూలన ఎర్ర ముద్ర, ఖైదీ పంపిన టపా అని. అక్క ముందు ఆ ముద్ర మీద బొటనవేలు పెట్టి మూసింది, పోస్ట్‌మ్యాన్ చూడకుండా. అప్పటికే చూసి ఉంటాడు కదా అక్కా అనలేదు నేను.

లోపల పసుపు రంగు గీతల కాగితాలు నాలుగు.

మొదటిదాంట్లో అయిదు వరసల ఉత్తరం. మంచిగున్న, రంది పడొద్దు, డాడీ బీపీ గోలీలు మర్చిపోకుండ చూడు.

రెండోది తిప్పగానే బావ లేచి నిలబడ్డాడు. శామీర్‌పేట చెరువు. సగం పెన్సిల్‌తో గీసింది. కట్ట, కట్ట మీద ఒరిగిన తాటిచెట్టు, మైసమ్మ గుడి, పక్కన స్టాండు వేసిన టీవీఎస్, దానికి నంబరు ప్లేటు, ప్లేటు మీద నంబరు పూర్తిగా. నీళ్ళు విడిగా గియ్యలేదు. కాగితానికి అచ్చు వేసున్న నీలి గీతలే నీళ్ళు. గీత విడిచి గీత మీద పెన్సిల్ దిద్ది, అక్కడక్కడ వేలితో రుద్ది అలలు చేశాడు. ఒడ్డు దగ్గర గీతలు చిక్కగా, మధ్యలో పలచగా. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో రెండుసార్లు తప్పిన వెధవ వీడు.

మూడో కాగితం నిలువునా సగానికి గీత కొట్టి ఉంది. ఎడమ పక్క స్పానిష్ మాటలు తెలుగు లిపిలో, కుడి పక్క వాటి అర్థాలు. అగ్వా నీళ్ళు. పాన్ రొట్టె. ఫ్రియో చలి. ఇహా బిడ్డ. మాన్యానా రేపు. మాన్యానాకి ఎదురుగా 'రేపు' రాసి, దాని పక్కన చిన్నగా 'ఎప్పుడూ ఇదే' అని రాశాడు.

నాలుగోదాని వెనక చదరంగం గళ్ళు. ముందు పక్కంతా పేర్లు. ముప్పై నలభై దాకా, అన్నీ ఇక్కడివి కావు, అన్నీ తెలుగులో. గుడులు, సుడులు, వొత్తులు జాగ్రత్తగా దిద్దిన పెద్ద అక్షరాలు, బళ్ళో తలకట్లు నేర్చుకునేటప్పుడు రాసినట్టు.

ఆ పేర్ల సంగతి వాడు ఆ వేసవిలో చెప్పాడు, అదే కట్ట మీద, కంకి ఒలుచుకుంటూ. ఒక హాలులో వరసగా ఇనప మంచాలు. రోజుకి ఇన్నిసార్లని లెక్క. పిలిచేది నంబరుతోనో, నోరు తిరగని ఇంటిపేరుతోనో. వీడు అమ్మకి ఉత్తరం రాస్తుంటే పక్క మంచం మనిషి, గ్వాటెమాల వాడు, తొంగి చూశాడు. ఇవేం అక్షరాలు, ఇంత గుండ్రంగా ఉన్నాయి? నా బిడ్డ పేరు రాసిస్తావా? రాసిచ్చాడు. ఆయన దాన్ని దిండు కింద పెట్టుకున్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి వరస కట్టారు. పేరుకొక నూడుల్స్ ప్యాకెట్ ఇవ్వబోతే వీడు వద్దన్నాడట.

"తర్వాత తీసుకున్న మామా" అన్నాడు. "ఆకలైంది."

కొందరు ఆ చీటీల్ని మంచం తల దగ్గర గోడకి అంటించారు. జిగురు లేదు, పళ్ళ పేస్టే జిగురు. గోడ మీద ఏమీ ఉండకూడదని నియమం. కాపలావాడు పీకేశాడు. మర్నాడు మళ్ళీ అంటించారు. మూడుసార్లు పీకాడు. నాలుగోసారి వదిలేశాడు. ఒక సాయంత్రం అతనే ఆగి, ఇదేం రాత అని అడిగాడట. తెలుగు అని చెప్పాడు వీడు. తన పేరు రాయమంటాడేమోనని చూశాడట. అడగలేదు.

"అడిగితే రాద్దువా?"

కంకి తిరగేసి చూసుకున్నాడు. "రెండు ప్యాకెట్లు తీసుకుందు."

మేము ఎర్ర పట్టీ చూస్తూ కూర్చున్న ఆ 31నే, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు అతి పెద్ద సాహిత్య బహుమతి, లక్ష డాలర్లది, బెహ్రూజ్ బూచానీకి ప్రకటించారు. ఇరాన్ నుంచి పారిపోయిన కుర్దు రచయిత. పడవలో ఆస్ట్రేలియా చేరబోతే 2013లో పట్టుకెళ్ళి పపువా న్యూగినీలోని మనుస్ దీవిలో పడేశారు. అక్కడ దాచుకున్న ఫోన్‌లో, వాట్సాప్ మెసేజ్‌లుగా, ముక్కలు ముక్కలుగా ఫార్సీలో పుస్తకం రాశాడు. ఒమిద్ తొఫీఘియాన్ ఇంగ్లీషు చేశాడు. బహుమతి తీసుకోవడానికి రచయిత రాలేకపోయాడు, అప్పటికింకా ఆ దీవిలోనే ఉన్నాడు. ఆ రాత్రి నేను ఒక టిక్కు కోసం చూసిన వాట్సాప్‌లోంచే ఒక మనిషి పుస్తకం బయటికి పంపాడని నెలల తర్వాత చదివినప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇంకా వెనక్కి పోతే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలండ్. 1910 నుంచి 1940 దాకా అమెరికా వచ్చే చైనావాళ్ళని అక్కడ కొయ్య బారకాసుల్లో వారాలు, నెలలు ఆపి ప్రశ్నలు వేసేవారు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళనీ ఆపారు. చైనావాళ్ళు గోడల మీద కవితలు చెక్కారు. అధికారులు వాటిని పాడు రాతలన్నారు. చెక్కిన గాడుల్ని లప్పంతో పూడ్చి మీద రంగు వేయించారు. ఏళ్ళు గడిచి ఆ లప్పం కుంచించుకుపోయేసరికి కింది అక్షరాలు మళ్ళీ తేలాయి. 1970లో, ఆ భవనాలు కూల్చేస్తారనుకుంటున్న రోజుల్లో, అలెగ్జాండర్ వైస్ అనే పార్కు రేంజరు వాటిని చూసి ఊరుకోలేదు. అందువల్ల గోడలు మిగిలాయి, 200కు పైగా కవితలు నమోదయ్యాయి. వాటిలో కొన్నిటిని అంతకు ముందే, 1930లలో, లోపలున్నవాళ్ళే ఇద్దరు కాగితాల మీదికి ఎక్కించుకుని బయటికి తెచ్చారు.

మనవాళ్ళ రాతలేవీ? తెలుగువాడు రాయడని కాదు. 1912లో కాలిఫోర్నియాకి చదువుకెళ్ళి, గదర్ పార్టీలో చేరి, తర్వాత జైళ్ళ పాలైన దరిశి చెంచయ్య 'నేనూ నా దేశం' అని ఆత్మకథే రాసిపెట్టాడు. ఆయనది దేశం కోసం జైలు, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. మనకి సిగ్గున్నది వీసా జైలుకి. అమెరికావాళ్ళు గోడకి లప్పం కొట్టారు. మనం ఆ పని ఇంట్లో చేసుకుంటాం, పేరు పరువు. అక్క ఆ నాలుగు కాగితాల్నీ ఎనిమిది మడతలు పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద, పాత పహాణీల సంచిలో పెట్టింది. మేనకోడలి పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

ఒకమాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. అస్సాంలో గోల్‌పారా జిల్లా మాటియాలో 3,000 మందికి సరిపోయే నిర్బంధ కేంద్రాన్ని మన దేశం కట్టుకుంది, 2023 నుంచి మనుషుల్ని అందులో ఉంచుతోంది. అక్కడ ఎవరో ఒకరు ఏ అట్టముక్క మీదో బిడ్డ పేరు రాసుకుంటూనే ఉంటారు. మన పిల్లల కాళ్ళకి కట్టిన పరికరాలకి మనం పెట్టిన కేకల్లో పదోవంతు కూడా వాళ్ళ కోసం పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

2025 ఫిబ్రవరి 5. మేడ్చల్ ఇంట్లో కొత్త టీవీ, అదే ఎర్ర పట్టీ. అమృత్‌సర్‌లో అమెరికా సైనిక విమానం దిగింది. 104 మంది. దారి పొడుగునా చేతులకి బేడీలు, కాళ్ళకి గొలుసులు. పంజాబు, హర్యానా, గుజరాత్ పిల్లలే ఎక్కువ. మావాడు ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తున్నాడు, రోజూ అదే చెరువు పక్క నుంచి పోతాడు. ఫార్మింగ్టన్ పిల్లలు కట్టిన ఫీజుల మీద వేసిన దావా నడవొచ్చని 2024 జూన్‌లో అక్కడి అప్పీళ్ళ కోర్టు చెప్పిందని చూపిస్తే, చదివి, ఫోన్ నాకిచ్చేశాడు.

అక్క టీవీ చూస్తూ చూస్తూ లేచింది. బీరువా తలుపు కిర్రుమంది. సంచి తెచ్చి వాడి కూతురి ముందు, చాప మీద, కాగితాలు ఒక్కొక్కటే విప్పింది. పిల్లకి మూడేళ్ళు.

"ఇది ఏంది నానమ్మా?"

"మీ డాడీ గీసిండు. మన చెరువు."

"బండి ఎవల్ది?"

"తాతది."

మావాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు. ఎనిమిది మడతలు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడంతా పెన్సిల్ పోయింది. తాటిచెట్టుకి తల లేదు. నంబరు ప్లేటులో రెండంకెలే మిగిలాయి. బావ వంగి, మిగతావి నోటితో చెప్పాడు.

ఆ రాత్రే నేను నాలుగింటికీ ఫొటోలు తీసుకున్నాను, వాణ్ణడిగి. పేరు వెయ్యొద్దన్నాడు, మిగతాది రాసుకో అన్నాడు. అందుకే ఇది రాశాను. దుబాయి, కువైట్ డిపోర్టేషన్ క్యాంపుల్లోంచో, అమెరికా జైళ్ళలోంచో వచ్చిన కాగితం మీ ఇంటి బీరువాలోనూ ఒకటి ఉండే ఉంటుంది. పాటో, బొమ్మో, అప్పుల లెక్కో, ఏదైనా సరే. పారెయ్యకండి. రాసిన మనిషిని అడిగి ఫొటో తీసిపెట్టండి, వెనక తారీఖు వెయ్యండి. మడత మాత్రం పెట్టకండి. పెన్సిల్ రాత ముందు పోయేది మడత దగ్గరే.